వాకిలి తెరిపించిన బాటసారి

కూటి కోసం కోటి విద్యలన్నది మన నానుడి. అయితే కూటి కోసం నేర్చిన విద్యకు లోకంలో గౌరవం అన్నివేళలా దక్కదు. ఒకే విద్యను వినోదం కోసం అభ్యసించినవానిని పెద్దమనిషిగా మన్నించి, దానినే జీవనోపాధిగా స్వీకరించినవానిని పనివానిగా చిన్నచూపు చూచిన సందర్భాలు చరిత్రలో అనేకం. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో గోల్ఫ్ క్రీడారంగంలో ఈ వివక్ష ప్రబలంగా ఉండేది. తన ఆటతోను, నడవడితోను దానిని ఎదుర్కొన్న ధీరుడు అమెరికా దేశస్థుడైన వాల్టర్ హేగెన్.

విశాలమైన పచ్చికబయలులో 18 గుంటలు ఏర్పరచి, చిన్న బంతిని కర్రతో కొడుతూ వరుసగా ఒక్కొక్క గుంటలో చేర్చుకుంటూ పోవడం గోల్ఫ్ ఆట. అతి తక్కువ దెబ్బలతో ముగించినవాడు విజేత. ఆనాటి గోల్ఫ్ క్లబ్బులు సంపన్నుల విహారస్థలాలు. డబ్బు ఆశించకుండా ఆడే ఔత్సాహికులు అందులో సభ్యులు. ఆటే వృత్తిగా గలవాడు క్లబ్బుకు ఉద్యోగి మాత్రమే. సభ్యులకు ఆట నేర్పడం, కర్రలు తయారుచేయడం, విరిగినవాటిని బాగుచేయడం అతని విధులు. పెద్ద పోటీలలో పాల్గొనడానికి వచ్చినా క్లబ్బు భవనంలో అడుగుపెట్టే అర్హత అతనికి లేదు. బట్టలు మార్చుకోవడానికి కర్రలు బాగుచేసే దుకాణమే అతనికి గతి.

వాల్టర్ హేగెన్ 1892 డిసెంబరు 21న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో జన్మించాడు. తండ్రి రైలుపెట్టెల కర్మాగారంలో కమ్మరి పనిచేసేవాడు. ఐదుగురు సంతానంలో వాల్టర్ ఒక్కడే మగపిల్లవాడు. కుటుంబానికి ఆసరాగా ఉండడం కోసం ఆ బాలుడు రోచెస్టర్ క్లబ్బులో కాడీగా, అనగా ఆటగాళ్ల వెంట కర్రల సంచి మోసేవాడిగా కుదిరాడు. పెద్దల ఆటను నిశితంగా గమనిస్తూ, తీరిక దొరికినప్పుడల్లా సాధన చేస్తూ ఆటలోని మెలకువలన్నీ గ్రహించాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా పట్టుదల ఆగలేదు. క్రమంగా అదే క్లబ్బులో శిక్షకునికి సహాయకుడయ్యాడు.

హేగెన్‌కు బేస్‌బాల్ ఆటలోనూ నైపుణ్యం ఉండేది. 1914లో ఆ ఆటవైపే మొగ్గాలని తలపోస్తున్న తరుణంలో, రోచెస్టర్‌కు చెందిన ఒక పత్రికా సంపాదకుడు ప్రయాణపు ఖర్చు భరించి, షికాగో సమీపంలోని మిడ్‌లోథియన్‌లో జరిగే అమెరికా ఓపెన్ పోటీకి ఆయనను పంపించాడు. ఆ పోటీలో 21 ఏళ్ల హేగెన్ ఒక్క దెబ్బ తేడాతో విజయం సాధించాడు. ఆ ఒక్క ప్రయాణం ఆయన జీవితగమనాన్నే మార్చివేసింది.

1919లో హేగెన్ రెండవసారి అమెరికా ఓపెన్ గెలిచాడు. అప్పటికి ఆయన డెట్రాయిట్ సమీపంలోని ఓక్‌లాండ్ హిల్స్ క్లబ్బులో ఉద్యోగి. ఆ విజయం తరువాత ఉద్యోగాన్ని వదులుకొని, ఏ క్లబ్బునూ ఆశ్రయించకుండా కేవలం ఆట మీదనే బ్రతకాలని నిశ్చయించుకున్నాడు. అది సాహసమే. ఎందుకంటే ఆనాడు పోటీల బహుమతులు స్వల్పం. 1919 నాటి ఆ విజేతకు లభించినది 500 డాలర్లు. ఏడాది పొడవునా క్రమబద్ధంగా జరిగే పోటీలు కూడా లేవు. కనుక ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి, చూడవచ్చినవారి నుండి ప్రవేశ రుసుము వసూలు చేసుకోవడమే ఆయనకు ఆధారమయింది.

అప్పటినుండి హేగెన్ జీవితం బాటసారి జీవితమే. రైళ్లు, ఓడలు, మోటారు కార్లు ఆయనకు నివాసాలయ్యాయి. పత్రికారంగం నుండి వచ్చిన బాబ్ హార్లో ఆయన ప్రయాణాలకు, ఒప్పందాలకు ఏర్పాట్లు చేసేవాడు. ఆస్ట్రేలియా దేశీయుడైన జో కిర్క్‌వుడ్ ఆయనకు సహచరుడు. గడియారపు అద్దంపై నిలిపిన బంతిని అద్దం పగలకుండా కొట్టడం వంటి విన్యాసాలతో కిర్క్‌వుడ్ ప్రేక్షకులను ఆశ్చర్యపరచేవాడు. ఖరీదైన దుస్తులు ధరించి, చిరునవ్వుతో మైదానంలో ప్రవేశించే హేగెన్‌ను చూడడమే జనానికి ఒక వేడుక. వీరి ప్రదర్శనలు అమెరికాను దాటి ఆస్ట్రేలియా, జపాన్ వంటి దూరదేశాలకు విస్తరించాయి.

తిరిగిన చోటల్లా ఆదరణ లభించినా, క్లబ్బు వాకిళ్లు మాత్రం సులభంగా తెరచుకోలేదు. 1920లో బ్రిటిష్ ఓపెన్ పోటీలో పాల్గొనడానికి హేగెన్ ఇంగ్లండులోని డీల్ పట్టణానికి వెళ్లాడు. వృత్తి క్రీడాకారులకు భవన ప్రవేశం లేదని అక్కడివారు తెలియజేశారు. ఆయన కలహించలేదు. ఒక ఖరీదైన కారును అద్దెకు తీసుకొని, నిత్యం దానిని క్లబ్బు ముఖద్వారం ఎదుటనే నిలిపించి, అందులోనే దుస్తులు, బూట్లు మార్చుకున్నాడు. ఆ పోటీలో ఆట ఆయనకు అనుకూలించలేదు. 53వ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఓడినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఓడలేదు.

అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా ఓపెన్ ఒహాయో రాష్ట్రంలోని ఇన్వర్నెస్ క్లబ్బులో జరిగింది. ఆ క్లబ్బు వృత్తి క్రీడాకారులను తన భవనంలోకి సాదరంగా ఆహ్వానించింది. అందుకు కృతజ్ఞతగా హేగెన్ ముందు నిలిచి తోటివారందరితో కలసి చందాలు పోగుచేసి, నిలువెత్తు గడియారాన్ని ఆ క్లబ్బుకు బహూకరించాడు. అవమానం ఎదురైనచోట తలవంచకపోవడం ఎంత ముఖ్యమో, ఆదరణ లభించినచోట కృతజ్ఞత చూపడం అంత ముఖ్యమని ఆయన నడవడి తెలుపుతుంది.

1922లో శాండ్‌విచ్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచి, అమెరికాలో పుట్టినవారిలో ఆ ఘనత సాధించిన మొదటివాడయ్యాడు. మరుసటి ఏడు స్కాట్లండులోని ట్రూన్‌లో ఒక్క దెబ్బ తేడాతో రెండవ స్థానంలో నిలిచాడు. పోటీ జరిగినన్నాళ్లూ మూసి ఉంచిన భవనంలోకి బహుమతి ప్రదానానికి రమ్మని ఆయనను పిలిచారు. ఆ ఆహ్వానాన్ని ఆయన మర్యాదగా నిరాకరించి, తాను బస చేసిన చోటికి రావలసిందిగా ప్రేక్షకులను ఆహ్వానించాడు.

నిరంతర ప్రయాణం ఆయనకు గెలుపోటములను సమంగా స్వీకరించడం నేర్పింది. 1926లో ఫ్లోరిడాలో ఔత్సాహికులలో మేటి అయిన బాబీ జోన్స్‌తో 72 గుంటల పందెం ఆడి, ఇంకా 11 గుంటలు మిగిలి ఉండగానే 12 గుంటల ఆధిక్యంతో గెలిచాడు. వచ్చిన సొమ్ములో కొంత ఒక ఆసుపత్రికి విరాళమిచ్చాడు. 1928లో అట్లాంటిక్ సముద్రాన్ని దాటి వచ్చి, ఇంగ్లండు ఆటగాడు ఆర్చీ కాంప్‌స్టన్ చేతిలో, ఇంకా 17 గుంటలు మిగిలి ఉండగానే 18 గుంటల తేడాతో దారుణంగా ఓడిపోయాడు. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నవారు అనేకులు. కొద్ది దినాలకే అదే దేశంలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఆయనే విజేతగా నిలిచాడు.

అయితే బాటసారి జీవితానికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. ఆయన రెండు వివాహాలూ విడాకులతోనే ముగిశాయి. ఒక్కగానొక్క కుమారుడు. ఊరూరా అభిమానులను సంపాదించుకున్న ఆయనకు స్థిరమైన గృహజీవితం దక్కలేదు. సంపాదించినదానిని ధారాళంగా ఖర్చు చేసే స్వభావం ఆయనది. కీర్తిని మాత్రమే చూచి ఈ వెలితిని విస్మరిస్తే ఆయన జీవితం మనకు సగమే అర్థమవుతుంది.

రెండు అమెరికా ఓపెన్‌లు, నాలుగు బ్రిటిష్ ఓపెన్‌లు, ఐదు పి.జి.ఎ. పోటీలు కలిపి మొత్తం 11 ప్రధాన విజయాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆ లెక్కలో జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ మాత్రమే ఆయనను మించినవారు. 1927 నుండి 1937 వరకు మొదటి ఆరు రైడర్ కప్ పోటీలలోనూ అమెరికా జట్టుకు ఆయనే నాయకుడు. చివరి దశలో గొంతు క్యాన్సర్‌తో బాధపడి, 1969 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో కన్నుమూశాడు. తరువాతి తరంలో అగ్రగణ్యుడైన ఆర్నాల్డ్ పామర్ ఆయన శవపేటికను మోసినవారిలో ఒకడు.

ఈనాడు వృత్తి గోల్ఫ్ క్రీడాకారులు దేశదేశాలు తిరుగుతూ ఆడుతున్నారు. ఏ క్లబ్బుకు వెళ్లినా ముఖద్వారం గుండానే ప్రవేశిస్తున్నారు. కమ్మరి కొడుకు ఒకడు కొలువు విడిచి బాట పట్టినందున ఆ వాకిళ్లు తెరుచుకోవడానికి నాంది ఏర్పడింది. చేసే పని ఏదైనా, దానిని నిష్ఠతో చేసేవానికి తలెత్తుకొని నిలిచే హక్కు ఉన్నదని హేగెన్ జీవితం నిరూపిస్తున్నది.