గిటార్ లోపలి ఏడు బద్దలు
(ఈ నెల మహనీయుడు: ఆంటోనియో టోర్రెస్, 1817–1892)



గత నెల మా మ్యూజిక్ రూమ్‌లో ఒక పాత గిటార్ పైచెక్క ఊడిపోయింది. పారేసే ముందు ఆరో తరగతి పిల్లలకు చూపిద్దామని క్లాసుకు తీసుకెళ్లాను. బయటికి నున్నగా మెరిసే ఆ చెక్కకు లోపలివైపు సన్నటి కర్ర బద్దలు అతికించి ఉన్నాయి. ఎవరికీ కనపడని చోట ఇవి ఎందుకు మేడమ్ అని ఒక పాప అడిగింది. నేను ఇంగ్లిష్ టీచర్‌ని, నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుని చెబుతానని మాట ఇచ్చాను. అలా వెతుకుతుంటే ఒక వడ్రంగి జీవితం దొరికింది. పిల్లలకు చెప్పాను, మీతో కూడా పంచుకోవాలనిపించింది.

ఆంటోనియో టోర్రెస్ 1817లో స్పెయిన్ దక్షిణ తీరంలోని అల్మేరియా ఊరి పక్కన పుట్టారు. తండ్రిది పన్నులు వసూలు చేసే ఉద్యోగం. పన్నెండేళ్లకే కొడుకును వడ్రంగి పనిలో పెట్టారు. ఆ కాలంలో సింహాసనం కోసం స్పెయిన్‌లో యుద్ధం మొదలైంది. సైన్యంలోకి రమ్మని కుర్రవాడికి పిలుపు వచ్చింది. ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఇంట్లోవాళ్లు బయటికి తెచ్చారు, మళ్లీ పిలవకుండా 1835లో పెళ్లి చేసేశారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

సంసారం కష్టంగా నడిచింది. అప్పులయ్యాయి. ముగ్గురు పిల్లలు పుడితే ఇద్దరు చిన్నప్పుడే పోయారు. తర్వాత కొన్నాళ్లకు భార్య కూడా క్షయతో చనిపోయింది. ఆమెకు అప్పుడు ఇరవై మూడేళ్లే. ముప్పై ఏళ్లు కూడా రాకముందే ఇన్ని చూసిన మనిషి బతుకుతెరువు వెతుక్కుంటూ సెవిల్ నగరం చేరారు.

సెవిల్‌లో గిటార్లు చేసేవాళ్లు చాలామంది ఉండేవారు. టోర్రెస్ అక్కడ ఆ పని మొదలుపెట్టారు. 1850 ప్రాంతంలో హులియన్ అర్కాస్ అనే పేరున్న గిటార్ విద్వాంసుడు ఆయన చేతిపని చూసి, ఇదే వృత్తిగా పెట్టుకోమని సలహా ఇచ్చారు. వాయించే మనిషికి ఏం కావాలో అర్కాస్ చెప్పేవారు, చెక్కలో దాన్ని ఎలా తేవాలో టోర్రెస్ ఆలోచించేవారు. అప్పటి గిటార్లు చిన్నవి, వాటి గొంతు కూడా చిన్నదే. నలుగురు కూర్చున్న గదిలో వినిపించేవి, పెద్ద హాల్లో వెనక వరసకు చేరేవి కావు.

ఇక్కడే మా క్లాసు పాప అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. తీగ ఒక్కటే మోగితే మనకు పెద్దగా వినిపించదు. తీగ కదలిక కింద ఉన్న బ్రిడ్జ్ ద్వారా పైచెక్కకు చేరుతుంది. ఆ చెక్క మొత్తం కదిలి గాలిని కదిపితేనే శబ్దం. కదలాలంటే చెక్క పలచగా, తేలికగా ఉండాలి. కానీ ఆరు తీగలు కలిసి సుమారు నలభై కిలోల బరువంత బలంతో దాన్ని లాగుతుంటాయి. మరీ పలచగా చేస్తే వంగిపోతుంది, పగిలిపోతుంది. మందంగా చేస్తే గట్టిగానే ఉంటుంది గాని నోరు విప్పదు. లోపలి బద్దలు ఈ చిక్కును విప్పడానికే. అవి చెక్కకు బలం ఇవ్వాలి, దాని కదలికను మాత్రం ఆపకూడదు.

తాటాకు విసనకర్రలో ఈనెలు పిడి దగ్గర మొదలై పైకి విచ్చుకున్నట్టు, టోర్రెస్ తన గిటార్లలో ఏడు సన్నటి బద్దలను విచ్చుకునేలా అమర్చారు. ఈ పద్ధతిని ఆయనే కనిపెట్టలేదు. అంతకు ముందు తరాల స్పెయిన్ పనివాళ్లు కూడా ఇలాంటి బద్దలు వాడారు. టోర్రెస్ చేసింది అన్నీ కలిపి ఆలోచించడం. గిటార్ ఒంటిని పెద్దది చేశారు. పైచెక్కను బాగా పలచగా చిత్రిక పట్టి, కనీ కనపడనంత గుబ్బగా వంచారు. ఆ పలచదనాన్ని మోయడానికి బద్దల అమరికను సరిచేసుకున్నారు. ఏ చెక్కకు ఆ చెక్క వేరు కాబట్టి ప్రతి గిటార్‌కూ మందం, బద్దల కొలతలు మళ్లీ చూసుకునేవారు. ఇవాళ మీ పిల్లలు వాయించే నైలాన్ తీగల గిటార్ ఆకారం, సుమారు 65 సెంటీమీటర్ల తీగ పొడవు చాలావరకు ఆయన స్థిరపరిచినవే.

1858లో సెవిల్ ప్రదర్శనలో ఆయనకు కాంస్య పతకం వచ్చింది. అయినా ఖరీదైన చెక్క, అందమైన నగిషీ ఉంటేనే మంచి శబ్దం వస్తుందని నమ్మేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1862లో టోర్రెస్ ఒక వింత గిటార్ చేశారు. దాని వెనక భాగం, పక్కలు అట్టవి! పైచెక్క మాత్రం మామూలుగానే మంచి స్ప్రూస్ చెక్కతో, లోపల బద్దలతో చేశారు. శబ్దానికి ప్రాణం పైచెక్క, దాని వెనకున్న పని అని చూపించడానికే ఆ ప్రయోగం. ఆ గిటార్ ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

1869లో ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఫ్రాన్సిస్కో టారేగా గిటార్ కొనుక్కోవడానికి ఆయన షాపుకు వచ్చాడు. మొదట ఒక మామూలు గిటార్ చేతికిచ్చారట. ఆ కుర్రవాడి వాయింపు విన్నాక, లోపలికి వెళ్లి 1864లో చేసి తన దగ్గరే ఉంచుకున్న గిటార్ తెచ్చి ఇచ్చారని చెబుతారు. టారేగా చాలా ఏళ్లు దానిమీదే వాయించాడు. ఆ టారేగా ఎవరో మీకు తెలియకపోయినా ఆయన సంగీతం మీరు విన్నారు. మనందరి పాత ఫోన్లలో మోగిన నోకియా రింగ్‌టోన్ ఆయన స్వరపరిచిన వాల్ట్జ్‌లోని చిన్న ముక్కే.

ఇంత పేరు వచ్చాక టోర్రెస్ ఏం చేశారు? 1870 ప్రాంతంలో గిటార్లు చేయడం మానేశారు. మళ్లీ పెళ్లి చేసుకుని ఉన్నారు, ఇల్లు నడవాలి. మంచి గిటార్ చేయడానికి నెలలు పడుతుంది, కొనేవాళ్లు కొద్దిమంది. సొంతూరు అల్మేరియా వెళ్లి పింగాణీ, గాజు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. గిటార్‌కు కొత్త రూపం ఇచ్చిన చేతులు కప్పులు, సాసర్లు అమ్మాయి. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

కానీ పని ఆయన్ను వదల్లేదు. 1875లో, దాదాపు యాభై ఎనిమిదేళ్ల వయసులో, కొట్టు చూసుకుంటూనే ఖాళీ సమయంలో మళ్లీ గిటార్లు మొదలుపెట్టారు. కొత్త గిటార్ల లేబుల్ మీద ఇది రెండో దశ అని అచ్చు వేయించుకున్నారు. 1883లో రెండో భార్య కూడా చనిపోయాక ఇంకా ఎక్కువ చేశారు, ఏడాదికి సుమారు డజను. 1892 నవంబరులో చనిపోయేదాకా ఆ పని సాగింది.

ఆయన్ను దగ్గరగా ఎరిగిన ఒక ఫాదర్ చాలా ఏళ్ల తర్వాత రాసిన ఉత్తరంలో ఒక సంగతి ఉంది. రహస్యం మాకు చెప్పకుండా పోతావా అని భోజనాల దగ్గర అడిగితే, చెప్పాలన్నా కుదరదని టోర్రెస్ అన్నారట. చెక్క సరిగ్గా ఉందో లేదో తన బొటనవేలు, చూపుడువేలు కొసలకు తెలుస్తుందని, ఆ వేళ్లు తనతోనే పోతాయని ఆయన భావం. అయినా ఆ విద్య ఆగిపోలేదు. మాడ్రిడ్‌లో, జర్మనీలో తర్వాతి తరం వాళ్లు ఆయన గిటార్లను పరిశీలించి, కొలిచి, తమ చేతులతో చేసి చూసి నేర్చుకున్నారు.

టీచర్‌గా నాకు ఈ చివరి సంగతే బాగా గుర్తుండిపోయింది. నోట్స్‌లో రాసి ఇవ్వగలిగేవి కొన్ని, చేసి చేసి వేళ్లకు పట్టాల్సినవి కొన్ని. రెండో రకానికి టైమ్ పడుతుంది. ప్రోగ్రెస్ రిపోర్టులో అది కనిపించదు, పైచెక్క వెనక బద్దల్లాగే.

మీరు పిల్లలకు గిటార్ కొనాలనుకుంటే ఒక చిన్న మాట. రంగు, మెరుపు చూసి తొందరపడకండి. పైభాగం అసలు చెక్కా, ప్లైవుడ్డా అని షాపులో అడగండి. పక్కలు, వెనక ప్లైవుడ్ అయినా ఫరవాలేదు, పైన మాత్రం అసలు చెక్క ఉంటే శబ్దంలో తేడా తెలుస్తుంది. పిల్లల చేతికి సరిపోయే సైజు తీసుకోండి. కొనేముందు వాళ్లనే తీగ మీటమనండి, మీరు పక్కన నిలబడి వినండి.

ఊడిన ఆ పైచెక్క ఇప్పుడు మా క్లాసు గోడమీద ఉంది. లోపలివైపు బయటికి కనిపించేలా తగిలించమని పిల్లలే అడిగారు.