చెరలో రాణి, చేతిలో సూది

స్కాట్లండు రాణి మేరీ పేరు చరిత్ర చదివిన విద్యార్థులకు సుపరిచితమే. ఆమె భర్తను చంపించినదా లేదా, ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు ప్రాణానికి కుట్ర పన్నినదా లేదా అనే వాదోపవాదాలు నాలుగు శతాబ్దాలు దాటినా సద్దుమణగలేదు. ఆ తగవులో తీర్పు చెప్పే సాహసం మేము చేయటం లేదు. మన ఇండ్లలో కషీదా అని పిలుచుకొనే సూదిపని ఆమె జీవితంలో ఎట్టి స్థానం పొందినదో పాఠకులకు విన్నవించటమే మా ఉద్దేశం.

మేరీ 1542 డిసెంబరు 8వ తేదీన లిన్‌లిత్‌గో రాజభవనంలో జన్మించింది. ఆరు దినాలకే తండ్రి ఐదవ జేమ్సు మరణించగా పొత్తిళ్ళలోని శిశువు రాణి అయింది. 1548లో, అయిదేండ్ల ప్రాయంలో, ఆమెను ఫ్రాన్సుకు పంపారు. ఆ రాజాస్థానంలో సంగీతం, నాట్యం, భాషల వలెనే సూదిపని కూడా రాజకన్యలు నేర్వవలసిన విద్య. 1558లో యువరాజు ఫ్రాన్సిసును వివాహమాడింది. మరుసటి ఏట ఫ్రాన్సుకూ రాణి అయింది. 1560 డిసెంబరులో వైధవ్యం సంప్రాప్తించింది. అప్పటికి పదునెనిమిదేండ్లు నిండటానికి ఇంకా మూడు దినాలున్నవి.

1561లో స్వదేశానికి తిరిగివచ్చి పాలనాభారం వహించిన మేరీ, మంత్రాలోచన సభలో కూర్చున్నంతసేపూ ఏదో ఒక గుడ్డ కుట్టుతూనే ఉండేదని ఇంగ్లండు రాయబారి తన ప్రభుత్వానికి వ్రాసి పంపాడు. రాణి మంత్రుల మాటలు వింటున్నదా అని సందేహించనక్కరలేదు. చేతికి పని దొరికితే చెవి మరింత చురుకవుతుందని కుట్టుపని చేసే తల్లుల దగ్గర పెరిగినవారికి వేరే చెప్పాలా!

తరువాతి సంఘటనలను త్వరగా దాటిపోదాము. 1565లో డార్న్‌లీతో వివాహం, 1566లో కుమారుడు జేమ్సు జననం, 1567 ఫిబ్రవరిలో డార్న్‌లీ హత్య, మూడు నెలలకే ఆ హత్యకు సూత్రధారి అని లోకం అనుమానించిన బాత్‌వెల్‌తో పెండ్లి. ప్రభువులు తిరుగబడి ఆమెను లాక్‌లెవెన్ సరస్సు నడుమ ఉన్న కోటలో బంధించారు. ఏడాది నిండిన కుమారునికి కిరీటం అప్పగించే పత్రంపై బలవంతాన సంతకం చేయించారు. సరిగ్గా ఆ రోజులలోనే ఆమె తన కాపరులను అడిగిన వాటిలో ఒకటి మమ్ము ఆశ్చర్యపరచింది. గుడ్డపై నమూనాలు గీసి ఇవ్వగల పనివానిని ఒకనిని తనకు పంపమన్నది. రాజ్యం పోతున్నదని తెలిసిన వేళ, ముందున్న దినాల పొడవును ఆమె ముందే కొలుచుకొన్నది కాబోలు.

1568 మే నెలలో కోట నుండి తప్పించుకొని, లాంగ్‌సైడ్ యుద్ధంలో ఓడి, ఎలిజబెత్తును శరణు వేడి ఇంగ్లండులో అడుగుపెట్టింది. అక్కడే దాదాపు 19 సంవత్సరాలు బందీగా ఉండిపోయింది.

1569 ఫిబ్రవరిలో ఆమెను టట్‌బరీ కోటకు తరలించి ష్రూస్‌బరీ ప్రభువు సంరక్షణలో ఉంచారు. ఆ ప్రభువు భార్య, హార్డ్‌విక్ బెస్ అని ప్రసిద్ధి కెక్కిన స్త్రీ, సూదిపనిలో సామాన్యురాలు కాదు. ఖైదీ రాణి ప్రతి దినమూ తన భార్య గదికి వచ్చి కొత్త నమూనాలు యోచిస్తూ గడుపుతున్నదని ప్రభువే లండనుకు నివేదించాడు. ఈ స్నేహం కొన్నేండ్లకు అపనిందలతో చెడిపోయింది గాని, వారిరువురి పనితనం ఒకేచోట నేటికీ నిలిచి ఉన్నది.

ఆ మాసంలోనే నికొలస్ వైట్ అనే అధికారి ఐర్లండుకు పోతూ దారిలో ఆమెను దర్శించాడు. బయటికి పోలేని వాతావరణంలో పొద్దెట్లా గడుపుతున్నారని ప్రశ్నించాడు. దినమంతా సూదితోనే గడుస్తుందనీ, రంగురంగుల దారాల వల్ల విసుగు తెలియదనీ, నొప్పి పుట్టి మాన్పించే దాకా కుట్టుతూనే ఉంటాననీ ఆమె చెప్పింది. అంతటితో ఆగక శిల్పం, చిత్రలేఖనం, సూదిపని, ఈ మూడింటిలో ఏది గొప్పదనే చర్చకు దిగి, తన ఓటు చిత్రలేఖనానికే వేసింది! తన కళనే అందలమెక్కించకపోవటంలో ఆమె నిజాయితీ మాకు నచ్చినది.

పని విధానం ఇది. సన్నని నారగుడ్డపై బొమ్మ గీయించి, గుడ్డ నేతలోని పోగులను లెక్కపెట్టుకొంటూ పట్టుదారంతో క్రాసు కుట్టు, లేదా అందులో సగమైన వాలు కుట్టు వేస్తారు. మ్యాటీ గుడ్డపై గళ్ళు లెక్కించి గులాబీని కుట్టిన మన విద్యార్థినులకు ఇది కొత్త కాదు. ఒక్క పోగు తప్పితే వరుసంతా విప్పాలి. వరుస సరిగా కుదిరి రేకు రేకుగా రూపు తేరుతూంటే కలిగే ఆనందమూ వారికి తెలుసు.

బొమ్మలకు ఆధారం జూరిచ్ పండితుడు గెస్నర్ ప్రకటించిన జంతుచిత్రాల వంటి గ్రంథాలు. ఆ గ్రంథంలోని పిల్లిని చూచి మేరీ కుట్టిన పిల్లి నేటికీ ఎడింబరోలో హోలీరూడ్ రాజభవనంలో ఉన్నది. దానికి ఆమె ఎంచుకొన్న రంగు ఎరుపు కలిసిన నారింజ, పక్కన ఒక ఎలుక. ఎలిజబెత్తు ఎర్రని జుట్టు గలది గనుక పిల్లి ఆమే, ఎలుక మేరీయే అని విమర్శకులు అంటారు. కావచ్చును. అయితే ఆమె పక్షులను, చేపలను, పూలను కూడా ఎన్నో కుట్టింది. ప్రతి కుట్టులోనూ కుట్రను వెదకటం గూఢచారులకు తగును గాని రసజ్ఞులకు తగదు.

ఒకచోట మాత్రం గూఢచారులు పొరపడలేదు. తనను పెండ్లాడదలచిన నార్‌ఫోక్ ప్రభువుకు ఆమె ఒక దిండు పంపింది. మేఘాల నుండి దిగిన చేయి ఒకటి కత్తితో ద్రాక్షతీగ కొమ్మను నరుకుతున్నట్లు దానిపై కుట్టి ఉన్నది. గాయపడినకొద్దీ సత్త్వం పెరుగుతుందనే అర్థమిచ్చే లాటిన్ సూక్తి తోడుగా ఉన్నది. తోటమాలికి అది కేవలం కొమ్మల కత్తిరింపే. రాజనీతిజ్ఞులు దానిలో సంతానం లేని ఎలిజబెత్తును తొలగించి, బిడ్డ తల్లియైన మేరీని నిలపాలనే సంకేతం చదివారు. 1572లో నార్‌ఫోక్‌ను విచారించినప్పుడు ఇతర సాక్ష్యాలతోపాటు ఈ దిండు ప్రసక్తి కూడా వచ్చింది. జూన్‌లో అతని తల తెగింది. ఆ తీగ బొమ్మ గల గుడ్డ నార్‌ఫోక్ సీమలోని ఆక్స్‌బరో భవనంలో మేరీ, బెస్‌ల ఇతర కుట్టుపనుల నడుమ నేటికీ కలదు.

రెండేండ్లు గడవకముందే ఆ చేతులే ఎలిజబెత్తు కోసం ఎర్రని సాటిను లంగాపై వెండిదారంతో పూలు కుట్టాయి. సాటిను రంగు తేడా రాకుండా లండనులోని ఫ్రెంచి రాయబారికి పట్టు నమూనా పంపి మరీ తెప్పించుకొన్నది. 1574లో ఎలిజబెత్తు ఆ కానుకను సంతోషంగా స్వీకరించినది. విడుదల ఊసు ఎత్తలేదు. దీనిని కపటమందామా, ఆశ అందామా? అన్ని పూలను కపటంతో కుట్టటం కష్టమని మాకు తోస్తుంది.

1586లో బాబింగ్టన్ కుట్ర బయటపడి విచారణ జరిగింది. 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో మేరీకి శిరచ్ఛేదం చేశారు. ఆమె వయస్సు 44. ఆమె వస్తువుల జాబితాలలో పూర్తికాని కుట్టుపనులు ఉన్నవి.

కుమారుడు జేమ్సును ఆమె పది మాసాల శిశువుగా చూచినదే కడసారి. అతడు 1603లో ఇంగ్లండుకు కూడా రాజై, 1612లో తల్లి భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టరు ఆలయానికి తెప్పించాడు. ఆమె కుట్టిన చిహ్నాలతో నిండిన రాజశయ్య ఒకటి అతనికి సంక్రమించింది. 1619లో హాథార్న్‌డెన్ కవి డ్రమ్మండ్ ఆ శయ్యపై ఉన్న బొమ్మలను ఒక్కొక్కటిగా వివరిస్తూ బెన్ జాన్సన్‌కు లేఖ వ్రాశాడు. ఆ శయ్య నేడు లేదు. లేఖ ఉన్నది.