గడ్డకు నెత్తురు దారి కనిపెట్టిన డాక్టరు

మా పెద్దమ్మకు రొమ్ములో గడ్డ ఆపరేషన్ చేసి తీసేశారు. రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది. తీసేసిన గడ్డ మళ్ళీ ఎట్లా వస్తుందని సైన్సు సారును అడిగాను. సారు నాకు జూడా ఫోక్‌మన్ గురించి చెప్పారు. అర్థమైనంత రాస్తున్నాను.

ఫోక్‌మన్ 1933లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. తండ్రి యూదుల మతగురువు. రోగులను ఓదార్చడానికి ఆస్పత్రికి పోతూ కొడుకునూ తీసుకుపోయేవారు. అక్కడ చూసి చూసి పిల్లవాడికి డాక్టరు కావాలనిపించింది. 1957లో హార్వర్డ్‌లో చదువు ముగించారు.

1960ల మొదట్లో నౌకాదళంలో పనిచేస్తూ, తోటి డాక్టరుతో కలిసి కుందేలు థైరాయిడ్ గ్రంథిని గాజు పాత్రలో బతికించారు. దాంట్లో క్యాన్సర్ కణాలు పెట్టారు. గడ్డ గుండుసూది తలకాయంత పెరిగి ఆగిపోయింది! అదే గడ్డను ఎలుకలో పెడితే గబగబా పెరిగింది. కారణమేంటి? గాజు పాత్రలో కొత్త రక్తనాళాలు పుట్టలేదు.

34 ఏళ్ళకే బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పెద్ద సర్జన్ అయ్యారు. గడ్డే ఏదో పదార్థం వదిలి రక్తనాళాలను తనవైపు రప్పించుకుంటుందని, ఆ దారి మూస్తే గడ్డ పెరగదని 1971లో రాశారు. చాలామంది నమ్మలేదు. అది వట్టి వాపే అన్నారు. ఆయన కోపం తెచ్చుకోలేదు, పని ఆపలేదు. కుందేలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో రక్తనాళాలు ఉండవు. అక్కడ గడ్డ ముక్క పెడితే నాళాలు వేర్లలాగా దానివైపు పాకి వచ్చాయి. 1981లో పెద్ద సర్జన్ పదవి కూడా వదిలేసి పరిశోధనలోనే ఉండిపోయారు.

నాళాలను పిలిచే పదార్థాలు 1980లలో ఒక్కొక్కటీ దొరికాయి. వాటిలో ఒకటి వీఈజీఎఫ్. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ మందుకు 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. అంటే 33 ఏళ్ళు ఓపిక పట్టాలి! ఆ మందు రోగం పూర్తిగా నయం చెయ్యదు, కొన్నాళ్ళు ఆయుష్షు పెంచుతుంది.

మన చేలో తుంగ పీకినా గడ్డ మట్టిలో మిగిలితే మళ్ళీ మొలుస్తుంది కదా. క్యాన్సర్‌లోనూ అట్లాంటి మూలకణాలు ఉంటాయట. మెదడు గడ్డల్లోని ఈ కణాలు మిగతా కణాలకంటే వీఈజీఎఫ్ ఎక్కువ వదులుతాయని, అంటే నెత్తురు దారి గట్టిగా పిలిచేది ఇవేనని 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. గడ్డ తిరిగి రావడానికి ఇట్లాంటి కణాలు ఒక కారణం కావచ్చంటారు.

2008 జనవరి 14న ఒక సభకు పోతూ డెన్వర్ విమానాశ్రయంలో గుండె ఆగి ఫోక్‌మన్ చనిపోయారు. అప్పటికి మనం పుట్టనే లేదు.

పెద్దమ్మ తన తప్పువల్లే గడ్డ మళ్ళీ వచ్చిందని ఏడుస్తోంది. సెలవులకు పోయినప్పుడు తుంగ సంగతి చెప్తాను. మిత్రులారా, పదిమంది నవ్వినా మనం కళ్ళారా చూసినదాన్ని వదలకూడదు.

— పదో తరగతి విద్యార్థిని