జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబంలో జన్మించాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఒక ఆంగ్లేయ అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నాడు. నడపడంతో తృప్తి చెందక, ఒక్కొక్క భాగాన్నే విప్పి, తిరిగి బిగించి యంత్రం గుట్టు తెలుసుకొన్నాడు. గురువు లేని ఈ విద్యయే ఆయనకు జీవనాధారమైంది. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి - పళని మధ్య రవాణా ప్రారంభించాడు.

1932లో నీలగిరులలో పైకారా జలవిద్యుత్కేంద్రం మొదలవడంతో కోయంబత్తూరు ప్రాంతపు మిల్లులకు, బావులకు విద్యుత్తు అందసాగింది. దానితో మోటార్ల అవసరం పెరిగింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఈయన తయారుచేసిన మోటారు భారతదేశంలో తొలి విద్యుత్ మోటారుగా పేరుపొందింది.

1945లో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ ఏర్పాటుకు విరాళమిచ్చి, దానికి ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. నాలుగేళ్ళ కోర్సు కాలహరణమనీ, రెండేళ్ళు చాలుననీ ఈయన వాదన. విప్పి చూచి నేర్చిన మనిషికి అలా తోచడం సహజమే. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఈయన పేరిట ప్రదర్శనశాల ఉంది.