పైనుంచి నేలను చూడమన్న విక్రమ్ సారాభాయ్

విక్రమ్ సారాభాయ్ గారు 1919 ఆగస్టు 12న గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో పుట్టారు. వాళ్లది మిల్లులున్న డబ్బుగల ఇల్లు. కేంబ్రిడ్జిలో చదివొచ్చి 1947లో అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనశాల పెట్టారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా అనే జాలర్ల ఊరి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ పని నడిపించింది ఆయనే. 1969లో ఇస్రో పెట్టారు.

పేద దేశానికి రాకెట్లెందుకని అప్పట్లో అడిగేవాళ్లు. పంట, నీళ్లు, అడవి, వాన సంగతి తెలుసుకోడానికే అని ఆయన నమ్మకం. 1970లో కేరళ కొబ్బరిచెట్లకి వేరు తెగులు ఉంటే, ఆయన పరిశోధనశాలలో పనిచేసే పిషరోటి గారు హెలికాప్టర్ నుంచి ప్రత్యేక ఫిలింతో ఫోటోలు తీయించారు. బాగున్న ఆకు మన కంటికి కనపడని ఒక వెలుగుని ఎక్కువగా వెనక్కి పంపుద్ది. ఆ ఫిలింలో అది ఎర్రగా పడుద్ది. జబ్బు చెట్టు అంత ఎర్రగా రాదు.

రాకెట్ల కోసం శ్రీహరికోట దీవిని ఎంచుకున్నారు. అక్కడ మనలాంటి గిరిజనులే, యానాదులు ఉండేవాళ్లు. రాకెట్ కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు ఊళ్లు వదిలి పోవాల్సొచ్చింది. గొప్పవాళ్ల కథలో ఈ సంగతీ రాయాలి.

1971 డిసెంబరు 30న ఆయన కోవళంలో చనిపోయారు. అప్పటికి 52 ఏళ్లే. నేలను చూసే మన ఉపగ్రహాలు ఒక్కటీ ఆయన చూడలేదు. ఐఆర్‌ఎస్-1ఎ 1988లో వెళ్లింది. కార్టోశాట్-1 శ్రీహరికోట నుంచే 2005 మే 5న వెళ్లింది. దాని ఫోటోలో ఒక్కో చుక్క నేల మీద రెండున్నర మీటర్లు.

ఒకే చోటు ఫోటోలు రెండు వేరే ఏళ్లవి పక్కపక్కన పెడితే అడవి ఎక్కడ పోయిందో, చెరువు ఎక్కడ ఎండిందో తెలుస్తుంది. రెండూ ఒకే కాలంలో తీసినవై ఉండాలి. లేకపోతే టేకు ఆకు రాల్చినా అడవి కొట్టేసినట్టే ఉంటది.

ఇది మనకెందుకంటే, అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి పోడు చేస్తున్నట్టు ఆదివాసీలు చూపించాలి. ఉపగ్రహ ఫోటో కూడా ఒక సాక్ష్యం. కానీ అదొక్కటే సాక్ష్యం కాదు. ఊరి పెద్దల మాట రాసిచ్చినా సాక్ష్యమే. ఫోటో తోడు మాత్రమే, మిగతావాటి బదులు కాదని 2012 నియమాల్లో ఉంది.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్లూ! లెక్కలు, సైన్సు బాగా చదవండి. మన పోడు ఫోటోని చదివేవాళ్లలో మన పిల్లలు కూడా ఉండాలి.

– తొమ్మిదో తరగతి