భరణి వాళ్ళమ్మ

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున మా ఊరు. సినిమా హాలు లేదు గానీ, మా ఇంట్లో ‘అత్తగారి కథలు’ ఉంది. అందుకే భానుమతి గారు నాకు ముందు రచయిత్రిగానే తెలుసు.

1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. 1943లో రామకృష్ణారావు గారితో పెళ్లయ్యాక నటన మానేసి ఇల్లు చూసుకుందామనుకున్నారు. ‘స్వర్గసీమ’ మళ్లీ లాక్కొచ్చింది. కొడుకు భరణి పేరే తమ సినిమా సంస్థకీ, స్టూడియోకీ పెట్టుకున్నారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో తానే డైరెక్ట్ చేశారు. 2005లో వెళ్లిపోయారు.

పెళ్లయ్యాక ఇల్లా, ఉద్యోగమా అని మమ్మల్ని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆవిడైతే ఇంట్లో బిడ్డకీ, బయట పనికీ ఒకటే పేరు పెట్టేశారు.