యల్లాప్రగడ సుబ్బారావు: అచ్చుకెక్కిన పేరు, అచ్చుకెక్కని పని

మన ఇళ్లలో బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలుంటే ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటే ఏమిటో అడిగి చూడండి. ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. 1925లో హార్వర్డ్ నుంచి వెలువడింది. అందులో రెండో పేరు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారిదేనని మన నగరంలోనే చాలామందికి తెలియదు.

ఆయన మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు దొర ప్రొఫెసర్‌కు కోపం వచ్చిందని, అందుకే ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కిందని జీవితచరిత్రకారులు రాశారు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, విరాళాల సాయంతో అమెరికా ఓడ ఎక్కారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. గురించి ప్రకటించారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడ నుంచి వస్తుందో వీటివల్లే తెలిసింది. ఆ వ్యాసాల్లో ముందు ఫిస్కే పేరు, వెనుక సుబ్బారావు పేరు. అంతవరకూ సరే. అచ్చుకు వెళ్లనివ్వని పని సంగతే బాధాకరం. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు అసూయ వల్ల వెలుగు చూడలేదని, ఏళ్ల తరువాత ఇతరులు వాటిని మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని అప్పటి సహచరుడు జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నవారు.

ఫైలు రాసేది ఒకరు, సంతకం మరొకరిది కావడం గుమాస్తాగిరీ చేసిన మాకు కొత్త కాదు. కానీ ఫైలు బీరువాలో ఉంటే ఎప్పటికైనా బయటపడుతుంది. ప్రయోగం అచ్చుకాకపోతే మరొకరు మొదటినుంచి చేయాలి. ఆ ఏళ్లు రోగులవి. సుబ్బారావుగారి మౌనాన్ని వినయమని పొగడటం మనవాళ్లకు అలవాటు. మేము అంత దూరం వెళ్లలేము.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకక 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లి, పరిశోధనలకు పెద్ద అయ్యారు. అక్కడ తీరు వేరు. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీని ప్రకటించిన వ్యాసంలో 16 మంది పేర్లున్నాయి. విభాగానికి పెద్ద అయిన ఆయన పేరు ఏడోది. ఆరియోమైసిన్ కనుక్కున్న ఘనత బెంజమిన్ డుగ్గర్‌కే వదిలారు. డెబ్బై దాటిన ఆ వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన విభాగంలోనే పనిచేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం నిలువరించి 1948లో ప్రకటించారు. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే.

అదే ఏడాది ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే వెళ్లిపోయారు. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి లెడర్లీ శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.